జిల్లా మాటలకు నిఘంటువు కట్టిన బ్రౌను

ఈస్టిండియా కంపెనీ కాలమున మదరాసులోని ఆంగ్లేయులు తెలుగు భాషను జెంటూ అని పిలుచుచుండిరి. అన్యమతస్థుడు అను అర్థముగల పోర్చుగీసు మాట నుండి పుట్టిన పేరది. మహమ్మదీయులు కాని ఈ దేశస్థులకెల్ల పోర్చుగీసువారు ఆ పేరు పెట్టిరి. మదరాసు ఆంగ్లేయులు దానిని తెలుగువారికి మాత్రమే నిలిపి, అరవవారిని మలబారులనిరి. కలకత్తా ఆంగ్లేయుల నోట అదే మాటకు అర్థము వేరు. అక్కడ జెంటూ అనగా హిందువు. 1776లో హాల్‌హెడ్ ఆంగ్లమున వెలువరించిన హిందూ ధర్మశాస్త్ర సంకలనము జెంటూ శాసనముల పేరుతోనే అచ్చయ్యెను. కంపెనీ ఒకటే, రాజు ఒకడే, భాషయు ఒకటే. ఐనను దూరదూరముగా ఉన్న రెండు రేవుపట్టణములలో ఒక మాట చెరియొక దారి పట్టెను. ఆ రెండు పట్టణములతోను ముడిపడిన జీవితము చార్లెస్ ఫిలిప్ బ్రౌనుది.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై నెలకొల్పిన ఫోర్టు విలియం కళాశాలకు అధ్యక్షుడుగా ఉన్నవాడు. ఆయన పర్యవేక్షణలోనే కుమారుడు ప్రాచీన భాషలను అభ్యసించెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరినది. బ్రౌను హేలీబరీలోని కంపెనీ కళాశాలలో చదివి, 1817లో మదరాసు రాజధానికి సివిలు ఉద్యోగిగా వచ్చెను. పుట్టిన ఊరిలో ఒక మతము వారిని తెలుపు మాట ఉద్యోగపు ఊరిలో తాను నేర్వవలసిన భాషకు పేరై ఆయనకు ఎదురువచ్చెను.

మదరాసులో సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు గురువు. అంతకు ఒక యేడాది ముందు, 1816లో, క్యాంబెల్ దొర అచ్చువేయించిన తెలుగు వ్యాకరణపు ముఖపత్రముననే తెలుగు, జెంటూ అను రెండు పేర్లును ఉండెను. తెలుగు, తమిళము, కన్నడము ఒకే కుటుంబమునకు చెందినవనియు, అవి సంస్కృతము నుండి పుట్టినవి కావనియు ఎల్లిసు దొర నిరూపించినది కూడ ఆ గ్రంథమునకు వ్రాసిన పీఠికలోనే. 1820లో గవర్నరు పదవికి వచ్చిన సర్ థామస్ మన్రో దేశభాష రాని దొర ప్రజలకు మేలు చేయజాలడని నమ్మినవాడు. ఆ సంవత్సరముననే బ్రౌను కడప కలెక్టరునకు సహాయకుడుగా వెళ్లెను.

బ్రౌను పేరు చెప్పగానే మన విద్యార్థులకు తోచునది వేమన. 1824 ప్రాంతమున ఆయన వేమన పద్యముల తాళపత్రములను వెదకుటకు పూనుకొనుట, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించుట, 1839లో ఆ సంఖ్యను 1,164కు పెంచుట పాఠ్యపుస్తకములలో చదివినవే. కడపలో ఒక బంగళా కొని, అందు పండితులను నిలిపి, జీతములు తానే యిచ్చి, కావ్యముల ప్రతులను సరిపోల్చి శుద్ధపాఠములు వ్రాయించెను. జూలూరి అప్పయ్య, అయోధ్యాపురపు కృష్ణారెడ్డి వంటివారు ఆ శ్రమలో ఆయనకు కుడిభుజములు. ఆ ధారాళమైన వ్యయమున అప్పులపాలయ్యెను. ఈ కథను చెప్పి ఆయనను దేవుని చేయు వ్యాసములు మనకు కొల్లలుగా ఉన్నవి. ఐతే ఆయన పగటివేళ కూర్చుండినది కావ్యముల నడుమ కాదు, కచేరీలో. అక్కడ చెవిని పడిన భాష పండితుల భాష కాదు. ఆ భాషకును ఆయన ఒక నిఘంటువు కట్టెను. అది మాత్రము మన తరగతిగదులలో వినబడుట అరుదు.

కడప సీమ దత్తమండలములలోనిది. 1800లో నిజాము ఆ మండలములను కంపెనీకి దత్తము చేసెను. అంతకు ముందు విజయనగర రాయలు, గోలకొండ సుల్తానులు, మొగలాయీలు, మైసూరువారు ఒకరి తరువాత ఒకరు ఆ నేలపై పన్ను వసూలు చేసినవారే. ఏలినవారెల్ల వెళ్లిపోయిరి గాని వారి పన్నుల మాటలు కచేరీలోనే ఉండిపోయెను. ఆజ్ఞలు పారసీ ఛాయలో, లెక్కలు మరాఠీ వ్రాతలో, వాదము తెలుగులో, తీర్పు ఆంగ్లములో నడచిన కాలమది. రైతు దరఖాస్తు దాఖలు చేసి, రసీదు పుచ్చుకొని, జవాబు కొరకు కచేరీ అరుగుపై కూర్చుండెను అను వాక్యమును పరికింపుడు. వాక్యపు నడక తెలుగే. కాని అందులో పనికివచ్చు నామములన్నియు అరబ్బీ, పారసీ, హిందుస్తానీల నుండి వచ్చినవి. వానిని తీసివేసినచో అరుగు ఒకటి మిగులును.

దొరలు వ్రాసిన ఆంగ్లముకూడ ఇంచుమించు ఇట్టిదే. కడప నుండి మదరాసు రెవెన్యూ బోర్డునకు పోవు లేఖలో రైతు, జమాబందీ, తాలూకా, కరణము, తహసీలుదారు అను మాటలు ఆంగ్ల లిపిలోనికి మారి వాక్యము నిండ కూర్చుండియుండును. లండనులో ఆ లేఖ చదివిన కంపెనీ పెద్దకు సగము బోధపడదు. సీమ నుండి క్రొత్తగా దిగిన పడుచు దొరకు అసలే బోధపడదు. మాట తెలియని దొర దుబాసీ చేతిలోనివాడు. శిరస్తాదారు చెప్పినదే అతనికి సత్యము. ఒక మాట అర్థము తారుమారైనచో ఒక కుటుంబపు భూమి తారుమారగును. కచేరీ మాటలకు నిఘంటువు కావలసివచ్చినది విద్యావినోదమునకు కాదు.

మాట విలువ ఎంతటిదో బ్రౌనునకు గుంటూరులో మరియొక విధముగ తెలిసివచ్చెను. 1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను డొక్కల కరువు పట్టుకొనెను. మూడింట ఒకవంతునకు మించి జనము నశించినది. ఆ సమయమున అక్కడ పనిచేయుచుండిన బ్రౌను గంజి పోయించుటయు, కూలి కల్పించుటయు చేయుచు, పై అధికారులకు వ్రాసిన లేఖలలో దానిని క్షామమనియే పేర్కొనెను. ప్రభుత్వపు ఆంగ్లమున వాడుకలో ఉన్నది కొరత అను మెత్తని మాట. క్షామమన్నచో శిస్తు వదలవలెను, ఖజానా విప్పవలెను. కొరత అన్నచో వచ్చు వానకారు వరకు వేచియుండిన చాలును. ఆయన వాడిన మాట అధికారులకు రుచింపలేదు. నిఘంటుకారుడై పేరు పొందకమునుపే ఒక మాటకు దాని నిజమైన అర్థమే ఉండవలెనని ఆయన పట్టుపట్టిన సందర్భమిది. వేమన పద్యముల ప్రచురణకన్న ఇది చిన్న సంగతి కాదు.

1835లో బ్రౌను సెలవుపై ఇంగ్లండు వెళ్లెను. లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమున ఎవరికిని పట్టక పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను చూచి, అవి మదరాసునకు చేరునట్లు ప్రయత్నించి నెగ్గెను. 1838లో తిరిగివచ్చి ప్రభుత్వమునకు పారసీ అనువాదకుడయ్యెను. 1840లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడెను. 1846లో మదరాసు రాజధానికి పోస్టుమాస్టరు జనరలుగాను, తెలుగు అనువాదకుడుగాను నియమితుడయ్యెను.

ఈ పోస్టు ఉద్యోగము చమత్కారమైనది. మదరాసు ఆంగ్లేయుడు ఉత్తరముల బట్వాడాను తప్పాల్ అనును. కలకత్తా ఆంగ్లేయుడు దానినే డాక్ అనును. అక్కడ బాటసారి దిగు విడిదికి డాక్ బంగళా అని పేరు. మదరాసు సీమలో అది ప్రయాణికుల బంగళా. ఇద్దరును ఆంగ్లేయులే, ఇద్దరును ఒకే దేశమున కొలువు చేయువారే. ఐనను కలకత్తాలో పుట్టి మదరాసు తప్పాలునకు అధిపతియైన బ్రౌను వంటివానికి తప్ప ఒకరి మాట ఒకరికి వివరింపవలసియే ఉండెను. 1854లో దేశమునకంతటికిని ఒకే తపాలా శాసనము, ఒకే తరహా బిళ్లలు వచ్చిన తరువాత కచేరీ ఆంగ్లమున పోస్టు అను మాట గట్టిపడినది. తెలుగులో మాత్రము తపాలా నిలిచినది. మదరాసు ఆంగ్లము క్రమముగా విడిచిన మాటను మన పోస్టుమాను ఇంకను మోయుచున్నాడు.

1852లో బ్రౌను జిల్లా నిఘంటువును మదరాసులో అచ్చువేయించెను. దేశమున కార్యవ్యవహారములలో దొరలును, గుమాస్తాలును వాడు మాటలను రోమను లిపిలో క్రమపరచి ఆంగ్లమున వివరించిన గ్రంథమిది. అదే సంవత్సరమున ఆయన తెలుగు-ఆంగ్ల మహానిఘంటువు వెలువడుటచే ఈ చిన్న పుస్తకము దాని నీడలో పడినది. పరిమాణమున రెంటికిని పోలిక లేదు. కాని పెద్ద నిఘంటువు కావ్యములు చదువువానికి ఎట్టిదో, ఇది కచేరీలో కూర్చుండువానికి అట్టిది.

ఇట్టి గ్రంథము ఎందుకు కావలసెనో ఒక్క తాలూకా అను మాట చాలును. వంగదేశమున తాలూకా అనగా ఒకని వంశపారంపర్యపు భూస్థితి. దానికి అతడు తాలూకాదారు. మదరాసున తాలూకా అనగా జిల్లాలో ఒక భాగము. దానికి అధికారి తహసీలుదారు. ఒకచోట సొంత ఆస్తి, మరియొకచోట ప్రభుత్వపు విభాగము! కలకత్తా శాసనమును చదివి మదరాసులో అమలు జరుపబూనిన దొర ఏ గోతిలో పడునో ఊహింపవచ్చును. గ్రామపు లెక్కలు వ్రాయువాడు ఉత్తరదేశపు ఆంగ్లమున పట్వారీ, మన సీమ ఆంగ్లమున కరణము. దొరకు బేరసారములు నడపిపెట్టు మధ్యవర్తి మదరాసులో దుబాసీ, కలకత్తాలో బనియా. మన దేశపు ఆంగ్లము ఒకటి కాదు. రాజధాని రాజధానికి ఒక్కొక్కటి. ఆయా సీమల ప్రజలభాషలే ఆ తేడాలను కలిగించినవి. అటుపిమ్మట ఉద్యోగులు ఒక రాజధాని నుండి మరియొక రాజధానికి మారునప్పుడు మాటలుకూడ వారి పెట్టెలలో ప్రయాణము చేసినవి. జిల్లా అను మాటయే వంగదేశపు కచేరీల వాడుకతో బలపడి మదరాసు కాగితములలో పాతుకొనినది. నేడది తెలుగు మాట కాదనువాడు లేడు.

దొరల ఇండ్లలో వంటవారును, నౌకరులును మాటాడు ఆంగ్లమునకు మదరాసులో బట్లరు ఇంగ్లీషు అని పేరు. దానిని నవ్వులాటకు వాడుట నేటికిని కలదు. ఆ నవ్వు సరియైనదే ఐనచో కచేరీ దొరల ఆంగ్లమునకును కొంత దక్కవలసియుండును. అదియు లండనులో చెల్లని నాణెమే.

మాటలు రాజధానులు దాటుటతో ఆగలేదు. సముద్రములను కూడ దాటినవి. అందు తెలుగువారు ఎరుగదగినది పందికొక్కు. మన పొలముగట్లను, ధాన్యపు కొట్లను తవ్విపోయు ఈ జంతువు మదరాసు ఆంగ్లేయుల నోట బాండికూట్ అయ్యెను. 18వ శతాబ్ది చివర కలకత్తా నుండి సరుకు నింపుకొని సిడ్నీకి పోవు ఓడలుండెను. ఆస్ట్రేలియాలో కాపురము పెట్టిన ఆంగ్లేయులకు అక్కడ పొడవైన మూతితో నేలను తవ్వు ఒక జంతువు కనబడెను. అది ఎలుకజాతిది కాదు. కడుపుసంచిలో పిల్లను మోయు కంగారూల తెగకు చెందినది. ఐనను దానికి బాండికూట్ అను పేరే పెట్టిరి. పేరు అక్కడితో ఊరకుండలేదు. ఆస్ట్రేలియా రైతులు దానిని క్రియగా మార్చుకొనిరి. పైమొక్క కదలకుండ, మన్ను క్రింది నుండి బంగాళాదుంపలను మెల్లగా తీసికొనిపోవుటకు వారి ఆంగ్లమున అదే మాట. తెలుగు రైతు తిట్టుకొను దొంగతనము తెలుగు తెలియని నేలపై ఆంగ్ల క్రియయై నిలిచినది.

గోడౌను కథకూడ వినదగినదే. మలయా భాషలోని గదోంగు నుండి ఈ మాట ఆంగ్లమునకు వచ్చెనని నిఘంటుకారులందురు. ఆ మలయా మాటకు మూలము తెలుగు గిడ్డంగియో, తమిళ కిడంగో కావచ్చునని వారిలో కొందరి ఊహ. తూర్పుతీరపు వర్తకులు మలయా దీవులకు పోవుచుండినవారే కనుక ఇది కాదనదగిన ఊహ కాదు. అక్కడి నుండి మాట మదరాసు, కలకత్తాలకును, సింగపూరు, హాంకాంగుల ఆంగ్లమునకును ప్రాకినది. లండను వర్తకుడు మాత్రము సరుకు కొట్టునకు వేరు మాట వాడును. నేడు హైదరాబాదు తూర్పుదెసను నాచారము పారిశ్రామికవాడలోను, ఉప్పలు నుండి నారపల్లి మీదుగా వరంగల్లు పోవు రహదారి పొడవునను గోడౌను అను పలక తగిలించుకొన్న కొట్లు కనబడును. గిడ్డంగియే మలయా దీవులకు పోయి గోడౌనై వచ్చెనన్న ఊహ నిజమైనచో అది పుట్టింటికి చేరిన మాట. ఆ నగరమునకే శోభయైన టాంకు బండులోని రెండు మాటలును ఇట్టివే. చెరువునకు టాంకు అనుట ఇచ్చటి ఆంగ్లపు వాడుక; బండు పారసీ నుండి వచ్చి, ఆంగ్లేయుల వెంట షాంఘై నదీతీరమునకు కూడ పోయి అక్కడ పేరైనది.

ఎదురుదారిని వచ్చిన మాటలును కలవు. టిఫిను ఆంగ్లదేశపు మాటయే. వేళ కాని వేళ తినుట, త్రాగుట అను అర్థమున టిఫింగు అను నీచవాడుకను 1785లో గ్రోసు తన జనవ్యవహార నిఘంటువునకు ఎక్కించెను. సీమలో ఆ మాట చచ్చినది. ఇచ్చటి ఆంగ్లమున మధ్యాహ్న భోజనమై బ్రతికినది. బొంబాయిలో అది డబ్బాలో పోవు అన్నము. తెలుగునాట ఇడ్లీ, దోసె. తల్లిభాష మరచిన మాటను దూరదేశపు ఆంగ్లములు పంచుకొని, ఎవరి రుచికి వారు వండుకొనిరి.

ఇక మిశ్రభాషా నిఘంటువు. ఇది 1854లో వెలువడెను. జిల్లా నిఘంటువు ఇచ్చటి ఆంగ్లమునకు అద్దమైనచో, ఇది కచేరీ తెలుగునకు అద్దము. తెలుగువారు నిత్యము వాడుచుండియు పండితులు తెలుగుగా ఒప్పని హిందుస్తానీ, పారసీ, అరబ్బీ, ఆంగ్లాది భాషల మాటలను బ్రౌను ఇందు చేర్చెను. వానిని మహానిఘంటువులో కలుపక వేరు సంపుటము చేయుటలో పండితులపట్ల ఆయనకున్న జంకు కొంత కనబడును. ఆ కాలమును బట్టి చూచినచో ఆ జంకు సహజమే. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో అదే మదరాసున వెలువడి, వచనరచనకు తీర్చిదిద్దిన గ్రాంథికమే మేలుబంతియని నిలబెట్టినది. ఆ యేడే బ్రౌను అనంతపురపు రాజుల చరిత్రను వాడుక వచనమున, ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. 1855లో తాతాచారి కథలు వచ్చినవి. అవియు నోటి తెలుగే. సూరి వచనము బడిలోనికి వెళ్లినది. బ్రౌను కూర్చిన మాటలు కచేరీలోనే ఉండిపోయినవి. సూరి వచనపు సొగసును కాదనువాడు లేడు. కాని ఆ సొగసైన తెలుగులో ఒక దరఖాస్తు వ్రాయుట సాధ్యము కాదను సంగతి బడిపంతులుకంటె కరణమునకు బాగుగ తెలియును.

ముప్పదియెనిమిదేండ్ల కొలువు ముగించి బ్రౌను 1855లో ఇంగ్లండు వెళ్లిపోయెను. ఆరోగ్యము చెడియుండెను. వివాహము లేదు. జీవితకాలమున కూర్చిన వ్రాతప్రతులు అప్పటికే మదరాసున సాహిత్యసంఘమువారి వశమున ఉండెను. లండనులో కొంతకాలము విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా ఉండెను. తెలుగు వినబడని ఊరిలో తన నిఘంటువులను సవరించుకొనుచు వృద్ధాప్యము గడపి, 1884 డిసెంబరు 12వ తేదీన మరణించెను.

మరి రెండేండ్లకు, 1886లో, యూల్, బర్నెల్ అను ఇద్దరు కూర్చిన హాబ్సన్-జాబ్సన్ అను ప్రసిద్ధ కోశము లండనులో వెలువడెను. ఈ దేశపు ఆంగ్ల పదములకు పుట్టుపూర్వోత్తరములు చెప్పు ఆ పెద్ద గ్రంథమున పందికొక్కు, తప్పాలు, దుబాసీ, గోడౌను అన్నియు చోటు చేసికొనినవి. ఇద్దరిలో బర్నెల్ మదరాసు రాజధానిలోనే కొలువు చేసినవాడు. బ్రౌను కచేరీలో మొదలుపెట్టిన పని పండితలోకమునకు గౌరవపాత్రమైనది. చూచుకొనుటకు ఆయన లేడు.

కడపలో ఆయన బంగళా ఉండిన స్థలమున, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికచే, 20వ శతాబ్ది చివర బ్రౌను పేర ఒక గ్రంథాలయము వెలసినది. అందు పాఠకులు తీయు తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1852 నాటి ముద్రణ కానక్కరలేదు. 1903లో ఎం. వేంకటరత్నము, క్యాంబెల్, కందుకూరి వీరేశలింగము పరిష్కరించిన రెండవ ముద్రణమే నేడు అందరి చేతిలోనిది. దానిలో కచేరి అను మాట వేరు సంపుటమున లేదు. హిందుస్తానీ అని తెలుపు చిన్న గుర్తుతో, అచ్చతెలుగు మాటల నడుమ, కకారపు వరుసలో తన చోటున ఉన్నది.